థార్ ఎడారిలో టెంటు, నడక: తిరుపతి కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి పిల్లలతో, పెద్దవాళ్లతో కలిసి థార్ ఎడారిలో ఉన్న రాజస్థాన్ పట్టణం జైసల్మేర్ వెళ్లాలనుకునేవాళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్నలు ఇవి. జీపులో అరగంట తిరిగి, నాలుగు ఫోటోలు దిగి వచ్చేద్దాం అనుకునేవాళ్లకు ఈ పేజీ పెద్దగా ఉపయోగపడదు. ఇసుకలో రెండు రాత్రులు ఉండి, పొద్దునా సాయంత్రం పిల్లలతో నడవాలనుకునేవాళ్ల కోసం రాశాం.

ఎడారికి చిన్న పిల్లల్ని తీసుకెళ్లడం ప్రమాదం కదా?

చలికాలంలో వెళ్తే మీరు భయపడేంత ప్రమాదం లేదు. ప్రపంచంలోని ఎడారుల్లో జనసాంద్రత ఎక్కువగా ఉన్నది థార్‌లోనే. అక్కడ ఊళ్లున్నాయి, బడులున్నాయి, మేకల మందలున్నాయి, సజ్జ చేలున్నాయి. మనుషులే కనిపించని ఇసుక సముద్రం అనే ఊహతో వెళ్తే మొదటి గంటలోనే ఆ ఊహ మారిపోతుంది.

జాగ్రత్త పడాల్సినవి మాత్రం మూడున్నాయి: రాత్రి చలి, ఒంట్లో నీరు తగ్గిపోవడం, పిల్లలు ఇసుక దిబ్బ అవతలికి పరిగెత్తి కనిపించకుండా పోవడం. మూడింటి గురించీ కింద వివరంగా రాశాం. మూడేళ్లలోపు పిల్లలుంటే ఇంకో రెండేళ్లు ఆగమనే చెబుతాం. ఆ వయసులో దుమ్ము, చలి రెండూ తట్టుకోవడం కష్టం. ఐదారేళ్లు దాటిన పిల్లలకు ఇసుక దొరికితే ఇంకేం కావాలి!

దసరా సెలవుల్లో వెళ్లాలా, సంక్రాంతి సెలవుల్లోనా?

సంక్రాంతికే. దసరాకు, అంటే అక్టోబరులో, అక్కడ పగటి ఎండ 35 డిగ్రీలు దాటడం మామూలే. పిల్లలు పొద్దున గంటసేపు నడిచి, మిగతా రోజంతా టెంటులో ఉడికిపోతారు. నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. మనకు నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్ల టెన్షన్ ఉంటాయి. అక్కడ అదే సమయంలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. జైసల్మేర్‌లో ఏడాది మొత్తానికి కురిసే వాన సుమారు 200 మిల్లీమీటర్లే. మన దగ్గర ఒక గట్టి తుఫాను రెండు రోజుల్లో అంత కురిపించేస్తుంది.

మాఘ పౌర్ణమికి ముగిసేలా మూడు రోజులు జైసల్మేర్‌లో ఎడారి ఉత్సవం జరుగుతుంది. ఒంటెల అలంకరణ, జానపద పాటలు బాగుంటాయి. కానీ గదులు దొరకవు, రద్దీ ఎక్కువ. నడక కోసం వెళ్లేవాళ్లు ఆ మూడు రోజులు తప్పించుకోవడమే మేలు.

వేసవి సెలవుల్లో మాత్రం వద్దు. మే నెలలో సగటున రోజూ 41, 42 డిగ్రీల ఎండ ఉంటుంది. అంత ఎండలో పిల్లల్ని నడిపించడం తప్పు.

ఎడారిలో చలేంటి? స్వెటర్లు నిజంగా అవసరమా?

స్వెటర్లు ఒక్కటే సరిపోవు కూడా. జనవరిలో అక్కడ రాత్రి ఉష్ణోగ్రత సగటున 8 డిగ్రీల దగ్గర ఉంటుంది. చలిగాలులు వీచిన రోజుల్లో ఇంకా కిందికి దిగుతుంది. తిరుపతిలో 18 డిగ్రీలకే శాలువా కప్పుకునే మనకు అది పెద్ద చలే.

కారణం గాలిలో తేమ లేకపోవడం. మన దగ్గర గాలిలోని నీటి ఆవిరి, మబ్బులు కలిసి నేల విడిచే వేడిని పట్టి ఉంచుతాయి, అందుకే మన రాత్రులు ఉక్కపోతగా ఉంటాయి. అక్కడ పట్టి ఉంచేది ఏమీ లేదు. పొడి ఇసుకలో వేడి లోతుకు దిగదు, పైపొరలోనే ఉండి, పొద్దు గుంకగానే ఆకాశంలోకి పోతుంది. పగలు 24 డిగ్రీల్లో చొక్కాతో తిరిగిన పిల్లాడు రాత్రి ఎనిమిదింటికి వణుకుతాడు. పిల్లలు చలి అని చెప్పేదాకా ఆగకుండా, సాయంత్రం నడకకు బయలుదేరేటప్పుడే స్వెటర్ చేతికివ్వండి.

తిరుపతి నుంచి ఎలా వెళ్లాలి?

ముందు జోధ్‌పూర్ చేరాలి. చెన్నై నుంచి జోధ్‌పూర్‌కు నేరుగా రైలుంది కానీ రోజూ ఉండదు. ప్రయాణం దాదాపు రెండు రోజులు. సెలవులు తక్కువగా ఉంటే రేణిగుంట నుంచి హైదరాబాద్ మీదుగా లేదా చెన్నై నుంచి విమానంలో వెళ్లడం నయం. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ సుమారు 280 కిలోమీటర్లు. రైలు, బస్సు, కారు అన్నీ ఉన్నాయి, ఐదారు గంటలు పడుతుంది. జైసల్మేర్‌లోనూ విమానాశ్రయం ఉంది, సర్వీసులు ఎక్కువగా చలికాలంలోనే నడుస్తాయి.

మా సలహా: పెద్దవాళ్లుంటే జోధ్‌పూర్‌లో ఒక రాత్రి ఆగండి. దిగీ దిగగానే ఇంకో ఆరు గంటల ప్రయాణం పెడితే అందరి ఓపికా అక్కడే అయిపోతుంది.

సమ్, ఖూరీ రెండూ చెబుతున్నారు. ఏది మంచిది?

రెండూ ఇసుక దిబ్బల ఊళ్లే. సమ్ జైసల్మేర్‌కు పడమరగా సుమారు 40 కిలోమీటర్లు. ఖూరీ నైరుతి దిక్కున దాదాపు అంతే దూరం. సమ్‌లో వరసగా రిసార్టు టెంట్లు, డీజే పాటలు, దిబ్బల మీద జీపుల పరుగులు. గీజర్ ఉన్న బాత్రూమూ, డైనింగ్ హాలూ కావాలంటే అక్కడే దొరుకుతాయి. ఖూరీ పల్లెటూరు. మట్టి గోడల గుడిసెలు, ఇంటివాళ్ల వంట, రాత్రయితే నిశ్శబ్దం. నడవడానికి వెళ్లేవాళ్లకు ఖూరీయే సరైన చోటు.

జైసల్మేర్ స్టేషన్లో దిగగానే టెంటు బుకింగుల కోసం చుట్టూ మూగుతారు. అక్కడికక్కడే ఏదీ ఒప్పుకోకండి. ముందే ఫోన్ చేసి ఈ నాలుగూ అడగండి: క్యాంపు నుంచి దిబ్బలకు నడిచి వెళ్లొచ్చా, రాత్రి ఎన్నింటికి పాటలు ఆపుతారు, ఒక్కొక్కరికి ఎన్ని రజాయిలు (దూది దుప్పట్లు) ఇస్తారు, ఊరి మనిషి ఎవరైనా మాతో నడిచి వస్తారా. నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పేవాళ్ల దగ్గరే దిగండి.

సొంత టెంటు తీసుకెళ్లి ఎక్కడైనా వేసుకోవచ్చా?

ఎక్కడ పడితే అక్కడ కుదరదు. ఆ ప్రాంతంలో చాలా భాగం డెజర్ట్ నేషనల్ పార్క్ పరిధిలోకి వస్తుంది. దాని విస్తీర్ణం 3,162 చదరపు కిలోమీటర్లు. పైగా అది సరిహద్దు జిల్లా. ఖూరీలాంటి చోట ఎవరింట్లోనైనా బస మాట్లాడుకుని, వాళ్లు చూపించిన స్థలంలో సొంత టెంటు వేసుకోవడం పిల్లలకు సరదాగానూ ఉంటుంది, ఇబ్బందీ ఉండదు. ఇసుకలో మామూలు మేకులు నిలబడవు. చిన్న సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, పూడ్చిపెడితే గాలికి కదలదు. టెంటు ద్వారం గాలి వచ్చే దిక్కుకు ఉండకూడదు.

ముందుగా ఇక్కడ ఏమైనా ప్రాక్టీసు చేయాలా?

చేస్తే చాలా తేడా ఉంటుంది, దానికి మనకున్నంత వసతి ఇంకెవరికీ లేదు. శ్రీవారి మెట్టు దారిలో సుమారు 2,400 మెట్లు, అలిపిరి దారిలో 3,550. కుటుంబమంతా కొన్ని వారాల పాటు వీలైనప్పుడల్లా ఎక్కితే కాళ్లు సిద్ధమవుతాయి. చిరుతల సంచారం వల్ల పిల్లలను అనుమతించే వేళల మీద ఆంక్షలు పెడుతుంటారు, బయలుదేరే ముందు ఆ రోజు నియమం కనుక్కోండి. తలకోనలో జలపాతం దాకా రాళ్లలో నడవడం కూడా మంచిదే.

కానీ మెట్లు వేరు, ఇసుక వేరు. మెత్తటి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీద కంటే దాదాపు రెండింతల శ్రమ పడుతుంది. స్వర్ణముఖిలో నీళ్లు లేని రోజుల్లో, శ్రీకాళహస్తి వైపు ఏటి ఇసుకలో అరగంట నడిచి చూడండి. పిల్లలు ఎంతసేపటికి ఆగిపోతారో మీకే తెలుస్తుంది. ఇక చలి ప్రాక్టీసుకు హార్స్‌లీ హిల్స్. సుమారు 1,265 మీటర్ల ఎత్తున డిసెంబరులో ఒక రాత్రి పడుకుంటే ఎవరికి ఎన్ని దుప్పట్లు కావాలో లెక్క తేలుతుంది.

దిబ్బ మీద నడవడానికి పద్ధతేమైనా ఉందా?

ఉంది. దిబ్బకు రెండు ముఖాలుంటాయి. గాలి వచ్చే వైపు వాలు తక్కువ, ఇసుక గట్టిగా అణిగి ఉంటుంది. అవతలి వైపు నిటారుగా, సుమారు 34 డిగ్రీల వాలుతో వదులుగా జారుతుంటుంది. ఎక్కేటప్పుడు గాలి వైపు నుంచి ఎక్కి, శిఖరం గీత పట్టుకుని నడవాలి. దిగేటప్పుడు జారుడు వైపు మడమలు దిగేసి దిగొచ్చు, పిల్లలకు ఇదే పండగ. గాలికి ఏర్పడిన చారలు చూసి ఏ దిక్కు నుంచి వీస్తోందో పిల్లలతో చెప్పించండి, ఒక్క పూటలో నేర్చుకుంటారు.

పొద్దుటి నడక మూడు నుంచి ఐదు కిలోమీటర్లు చాలు. ఒక సంగతి చాలామంది మరచిపోతారు: జైసల్మేర్ మనకంటే బాగా పడమరన ఉంది కాబట్టి అక్కడ పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది. జనవరిలో ఏడున్నర దాటాకే సూర్యుడు కనిపిస్తాడు. తిరుపతి అలవాటున ఐదింటికే పిల్లల్ని లేపి చలిలో కూర్చోబెట్టకండి. ఆరున్నరకు టీ తాగి బయలుదేరితే సరిపోతుంది, పదకొండుకల్లా నీడకు చేరాలి.

నీళ్లు ఎన్ని కావాలి?

పెద్దవాళ్లకు రోజుకు మూడు లీటర్లకు తగ్గకూడదు, నడక ఎక్కువైతే నాలుగు. పిల్లలకు వయసును బట్టి ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు.

మనవాళ్లు పొరపడేది చెమట విషయంలో. తిరుపతిలో చొక్కా తడిసి ముద్దయితే దాహం గుర్తొస్తుంది. అక్కడ గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టినట్టే తెలియదు, పట్టిన వెంటనే ఆరిపోతుంది. చల్లగా ఉంది కదా అని నీళ్లు తాగరు. మధ్యాహ్నానికి తలనొప్పి, చిరాకు. పిల్లలు కారణం లేకుండా ఏడుస్తుంటే ముందు నీళ్లు పట్టండి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే తక్కువ తాగుతున్నట్టే. ఓఆర్ఎస్ ప్యాకెట్లు తప్పకుండా ఉండాలి. ఉప్పు, చక్కెర వేసిన నిమ్మకాయ నీళ్లయినా ఫరవాలేదు. పొడిగాలికి కొందరు పిల్లలకు ముక్కులోంచి కాస్త రక్తం రావొచ్చు. తల ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. తల వెనక్కి వాల్చకూడదు.

ఆ నీళ్లు ఎక్కడివో కూడా పిల్లలకు చెప్పండి. పంజాబ్‌లో మొదలయ్యే ఇందిరాగాంధీ కాలువ హిమాలయాల నీటిని ఈ ఎడారి జిల్లాల దాకా మోసుకొస్తుంది. తెలుగుగంగ నీళ్లు తాగి పెరిగే తిరుపతి పిల్లలకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. కాలువ రాకముందు, ఇప్పటికీ చాలా పల్లెల్లో, వాననీటిని నేలలో తవ్విన తొట్లలో దాచుకుని ఏడాదంతా వాడుకుంటారు. అలాంటి ఇంట్లో దిగి రెండు బకెట్లు పెట్టి స్నానం చేయడం మర్యాద కాదు. తడిబట్టతో ఒళ్లు తుడుచుకుంటే రెండు రోజులకు ఏమీ కాదు.

ఎవరైనా తప్పిపోతే?

దిబ్బలన్నీ ఒకేలా ఉంటాయి, అడుగుజాడలు గాలికి చెరిగిపోతాయి. అందుకే ముందే నియమాలు పెట్టుకోవాలి. ప్రతి పిల్లకూ పిల్లాడికీ మెడలో ఈల ఉండాలి. ఎరుపో నారింజో, దూరానికి కనిపించే రంగు చొక్కా వేయాలి. తప్పిపోయామని అనిపించగానే అక్కడే కూర్చుని మూడుసార్లు ఈల వేయాలి, వెతుక్కుంటూ నడవకూడదు. ఇంటి దగ్గరే ఒక ఆటలా నేర్పించండి. మొబైల్ సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు కాబట్టి ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకుని క్యాంపు ఉన్నచోట గుర్తు పెట్టుకోండి. ఊరి మనిషి తోడు లేకుండా దూరపు దిబ్బలకు వెళ్లొద్దు.

పాములు, తేళ్లు ఉంటాయా?

ఉంటాయి. పింజరి జాతి పాములు, తేళ్లు రెండూ ఆ నేలవే. చలికాలంలో వాటి తిరుగుడు బాగా తగ్గుతుంది. బూట్లు వేసుకునే ముందు దులపాలి, రాత్రి టార్చి లేకుండా కాలు బయట పెట్టకూడదు, పొదల్లో చెయ్యి పెట్టకూడదు. పాము కరిస్తే కొయ్యడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏవీ చేయొద్దు. కరిచిన చెయ్యి లేదా కాలు కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, దొరికిన వాహనంలో జైసల్మేర్ ఆసుపత్రికి చేర్చాలి.

అవ్వా తాతలు రాగలరా? ఒంటె ఎక్కొచ్చా?

రాగలరు, వాళ్లను ఇంట్లో వదిలి వెళ్లకండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దిబ్బలు ఎక్కక్కర్లేదు. ఒంటె బండి కట్టించుకుంటే పరుపు మీద కూర్చుని దిబ్బల అంచుదాకా రావొచ్చు. నేల మీద పడుకోలేనివాళ్లకు మంచం కావాలని ముందే చెప్పాలి, నులక మంచాలు అక్కడ ప్రతి ఇంట్లో ఉంటాయి. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్, మాస్కు మరచిపోవద్దు.

ఒంటె లేచేటప్పుడు ముందు వెనక కాళ్ల మీద లేస్తుంది. ఎక్కినవాళ్లు ముందుకు పడబోతారు, కాబట్టి వెనక్కి వాలి గట్టిగా పట్టుకోవాలి. కూర్చునేటప్పుడూ అంతే. నడుం నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కొద్దు. ఒంటె ముక్కు దగ్గర పుండ్లుంటే, కుంటుతుంటే, పిల్లలు ఎంత అడిగినా ఆ ఒంటెను ఎక్కించకండి. ఎందుకో వాళ్లకు చెప్పండి.

తిండి సంగతి?

రాయలసీమ వాళ్లకు బెంగ అక్కర్లేదు. అక్కడివాళ్ల అసలు తిండి సజ్జ రొట్టె, నెయ్యి, కారం దండిగా ఉన్న కూరలు. అన్నం ఉంటుంది కానీ మన అన్నంలా మెత్తగా ఉండదు. మొదటి రోజుకు పులిహోర, ఆ తర్వాతకు కందిపొడి, ఊరగాయ పెట్టుకుంటే చిన్నపిల్లలు ఇబ్బంది పడరు. కేర్ సాంగ్రీ కూర తప్పకుండా తినండి. అందులోని సాంగ్రీ అంటే జమ్మి కాయలే.

నడుస్తూ పిల్లలకు ఏం చూపించాలి?

మొట్టమొదట జమ్మి చెట్టు. దసరాకు మనం పూజ చేసి, ఆకులు పెద్దల చేతిలో పెట్టి దణ్ణం పెట్టే చెట్టే అక్కడి ఖేజ్రీ. రాజస్థాన్ రాష్ట్ర వృక్షం. దాని ఆకులు మేకలకూ ఒంటెలకూ మేత, కాయలు మనుషులకు కూర, నీడలో సజ్జ పైరు బాగా పెరుగుతుంది. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ ఊళ్లో, రాజుగారి మనుషులు ఈ చెట్లు నరకడానికి వస్తే అమృతాదేవి అనే బిష్ణోయి (చెట్లను, జంతువులను కాపాడటం ధర్మంగా పాటించే సమాజం) తల్లి చెట్టును కౌగిలించుకుని ప్రాణమిచ్చింది. ఆమె తర్వాత మరెందరో ముందుకొచ్చారు. మొత్తం 363 మంది చనిపోయారు. ఈ కథను ఆ చెట్టు కింద కూర్చుని చెప్పండి. క్యాంపుఫైర్ కోసం కట్టెలు అడిగే ముందు మనం కూడా ఒకసారి ఆలోచించాలి. అక్కడ కట్టె దొరకడం కష్టం, ఊరివాళ్ల పొయ్యికి కావాల్సింది మనం సరదాకు కాల్చకూడదు.

రెండోది బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్). అదృష్టం ఉంటే తప్ప కనిపించదు. ప్రపంచం మొత్తం మీద అడవిలో 150 కంటే తక్కువే మిగిలాయని అంచనా, వాటిలో ఎక్కువ భాగం జైసల్మేర్ చుట్టుపక్కలే. మన నందికొట్కూరు దగ్గర రోళ్లపాడులో దీని కోసమే 1988లో అభయారణ్యం పెట్టారు. అక్కడ ఇప్పుడు అది దాదాపు కనుమరుగైంది. మీటరు ఎత్తున ఉండే ఇంత బరువైన పిట్ట కరెంటు తీగలను సకాలంలో చూసుకోలేక తగిలి చనిపోతోంది. కనిపించకపోయినా దాని పేరు పిల్లల నోట పలికించండి.

జైసల్మేర్ నుంచి బార్మేర్ దారిలో 17 కిలోమీటర్లు వెళ్తే ఆకల్ శిలాజ వనం వస్తుంది. రాయిగా మారిన చెట్ల మొద్దులు, వయసు సుమారు 18 కోట్ల ఏళ్లు. ఒకప్పుడు ఆ నేల మీద అడవి ఉండేదనడానికి అవే సాక్ష్యం. తిరుమల శిలాతోరణం చూసి ఆశ్చర్యపోయిన పిల్లలకు ఇది తప్పకుండా నచ్చుతుంది.

రాత్రి నక్షత్రాలు బాగా కనిపిస్తాయంటారు, నిజమేనా?

నిజమే, అమావాస్యకు అటూ ఇటూ నాలుగైదు రోజుల్లో వెళ్తే. పౌర్ణమికి ఇసుక అందంగా ఉంటుంది, నక్షత్రాలు మాత్రం పలచబడతాయి. రెండూ ఒకేసారి కుదరవు.

జనవరి రాత్రి ఎనిమిదింటికి తల పైకెత్తితే కృత్తికల గుంపు, దాని పక్కన ఎర్రగా రోహిణి, ఆ పక్కన మృగశిర, ఆర్ద్ర వరసగా ఉంటాయి. మన ఇళ్లలో జన్మనక్షత్రం తెలియనివాళ్లు అరుదు, దాన్ని ఆకాశంలో కళ్లారా చూసినవాళ్లూ అంతే అరుదు. రోహిణిలో పుట్టిన తాతకు మనవరాలు రోహిణిని వేలు పెట్టి చూపించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. పాలపుంత మాత్రం ఫోటోల్లో చూసినంత కాంతిగా ఉండదు. దాని మధ్యభాగం వేసవి రాత్రుల్లోనే పైకి వస్తుంది. ఆ మాట పిల్లలకు ముందే చెప్పండి, నిరాశపడరు.

ఏమేం సర్దుకోవాలి?

పొడుగు చేతుల నూలు బట్టలు, స్వెటర్, దాని పైన గాలి ఆపే జాకెట్, మంకీ క్యాప్, మందపాటి సాక్సులు. కాలిని పూర్తిగా కప్పే బూట్లు కావాలి. చెప్పులైతే ఇసుకతో నిండిపోతాయి, పల్లేరుకాయలు గుచ్చుకుంటాయి. టార్చి మనిషికొకటి. కళ్లద్దాలున్నవాళ్లు కాంటాక్ట్ లెన్సులు వాడకపోవడం మంచిది. ఫోను, కెమెరా జిప్ కవర్లలో పెట్టండి. పెదాలకు వాసెలిన్. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి, అది సరిహద్దు జిల్లా.

చెత్త సంచులు కూడా. ఇసుకలో పాతిపెడితే పోయిందనుకుంటారు, నాలుగు రోజులకు గాలి మళ్లీ బయటికి తీస్తుంది. డైపర్లు, ప్యాడ్లు, చిప్స్ కవర్లు అన్నీ సంచిలో జైసల్మేర్ దాకా వెనక్కి తేవాలి. సమ్ దిబ్బల మీద ప్లాస్టిక్ చూస్తే బాధేస్తుంది, మనం దానికి ఇంకొంచెం కలపకూడదు.

బాత్రూములు ఉంటాయా?

టెంటు క్యాంపుల్లో ఉంటాయి. ఊరి ఇళ్లలో ఒకే ఒకటి ఉండొచ్చు. ఆడవాళ్లు బుక్ చేసే ముందే ఈ మాట సూటిగా అడగాలి, మొహమాటపడొద్దు.

అమెరికా నుంచి వచ్చిన అక్కావాళ్ల పిల్లలు కూడా వస్తారు. ఏమైనా అడ్డంకా?

విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు సరిహద్దు వైపు కొన్ని ప్రాంతాల్లోకి వెళ్లడానికి జిల్లా అధికారుల అనుమతి కావాలి. తనోట్, లోంగేవాలా వైపు వెళ్లే ఆలోచన ఉంటే ముందే కనుక్కోండి. పాస్‌పోర్టు కాపీలు వెంట ఉంచుకోండి.

అంత దూరం వెళ్లలేం. దగ్గర్లో ఎడారి లాంటిది లేదా?

గండికోట చాలామంది చెబుతారు. అద్భుతమైన లోయ, టెంటు వేసుకోవడానికి బాగుంటుంది, కానీ ఎడారి కాదు. ఇసుక దిబ్బలే కావాలంటే అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలంలో దర్గా హొన్నూరు ఉంది. వేదవతి ఏటి ఇసుకను గాలి మోసుకొచ్చి పొలాల మీద పోస్తోంది. ఒకప్పుడు పంట పండిన నేల అది. పగలు వెళ్లి చూసి రండి, రైతులతో మాట్లాడండి. టెంటు వేసి పాటలు పెట్టుకునే చోటు కాదని మా అభిప్రాయం. తమిళనాడులో తూత్తుకుడి వైపు తేరి కాడు అనే ఎర్ర ఇసుక దిబ్బలున్నాయి, తిరుచెందూరు గుడికి వెళ్లేవాళ్లు ఒక సాయంత్రం అక్కడ నడవొచ్చు.

మొత్తం ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

విమానంలో వెళ్తే ఆరు రోజులు: జోధ్‌పూర్‌లో ఒకటి, జైసల్మేర్ కోట, గడీసర్ చెరువు, ఆకల్ కోసం ఒకటి, ఇసుకలో రెండు రాత్రులు, మిగతావి ప్రయాణానికి. రైలులో అయితే పది. సెలవులు తక్కువైతే కోటను తగ్గించుకోండి, ఇసుకలో రెండో రాత్రిని మాత్రం తగ్గించకండి. మొదటి రాత్రంతా చలికి, కొత్త చోటుకు అలవాటు పడటంతోనే పోతుంది. రెండో పొద్దున పిల్లలే ముందు లేచి బూట్లు దులుపుకుంటారు.